మాట చేరిన మేర

మైకుసెట్టు అద్దెకు కావాలని ఎవరొచ్చినా మస్తానయ్య కొట్లో కూర్చుని రేటు చెప్పడు. "పదండి, చోటు చూద్దాం" అని లేస్తాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని వేరే కొట్టు పెట్టుకున్న పెంచలయ్యకు ఇదంతా ముసలి చాదస్తంగా కనబడేది. అలాంటివాడు ఒకనాడు మొహం వేలాడేసుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

"ఉన్న రేటు చెబితే పక్క కొట్టుకి పోతున్నారు మేస్త్రీ. తగ్గించి చిన్న సెట్టు పెడితే, వెనకాల వినపడలేదని మొన్న పెళ్లిలో నా వైర్లు పీకేశారు. అసలు రేటు ఎట్టా చెప్పాలి?"

"రేపు తెల్లారి పెన్న ఇసకలోకి రా. ఒక బేరం ఉంది" అన్నాడు మస్తానయ్య. అడిగినదానికి తిన్నగా జవాబు చెబితే ఆయన మస్తానయ్య ఎందుకవుతాడు!

తెల్లారేసరికి ఏరంతా మంచు. ఇసక ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. బేరానికి వచ్చినవాడు శేషారెడ్డి, నిమ్మకాయల వ్యాపారి. వాళ్ల నాన్న ఒకప్పుడు ఊరూరా పద్యనాటకాలు ఆడిన మనిషి. పోయినేడు ఏదో సభలో మైకు కూతపెట్టి, జనం నవ్వితే, పద్యం మధ్యలో దిగిపోయాడు. అప్పటినుంచి మళ్లీ గొంతెత్తలేదు. ఓపిక ఉండగా ఒక్కసారి ఈ ఇసకలో ఆయన చేత పాడించాలని కొడుకు కోరిక.

"ఊరంతా వినాలి మస్తానయ్యా. ఈసారీ నవ్వులపాలైతే మా నాయన తట్టుకోలేడు. సెట్టు మాత్రం చిన్నదే పెట్టు, చేతిలో డబ్బు ఆడటం లేదు."

చిన్న సెట్టుతో ఊరంతా ఎట్టా వింటుందని పెంచలయ్య గురువు వైపు చూశాడు. మస్తానయ్య మాత్రం చిన్న సెట్టే బిగించి, కొడుకు వెంట శాలువా కప్పుకుని వచ్చిన పెద్దాయన ముందు మైకు నిలబెట్టాడు. కొడుకు వైపు తిరిగి, "మీరు వెనక్కి నడవండి రెడ్డీ. పద్యంలో మాట తెలిసినంత దూరం పోండి" అన్నాడు.

పెద్దాయన గొంతు మొదట వణికింది. తన మొహం ఎవరికీ కనబడని ఆ తెల్లదనంలో ధైర్యం వచ్చిందో ఏమో, మెల్లగా పైకి లేచింది. శేషారెడ్డి నడుస్తూ నడుస్తూ మంచులో కలిసిపోయాడు. పద్యం కొడుకు వెనకే పోయింది. ఏరూ గొంతూ మంచూ ఒకటైపోయినట్టుండి, పెంచలయ్య తాను ఎందుకు వచ్చాడో కూడా మరిచి నిలబడ్డాడు. అంత హాయి వాడు చాలాకాలంగా ఎరగడు. చాలాసేపటికి ఎక్కడినుంచో శేషారెడ్డి కేక వినిపించింది.

"ఇక్కడికి రాగం వస్తోంది గానీ మాట రావటం లేదు."

మస్తానయ్య అక్కడికి వెళ్లి ఒక సరుగుడు కర్ర పాతాడు. "మీరు అనుకున్న డబ్బు ఇక్కడిదాకా వస్తుంది" అన్నాడు. మంచు విడిపోతుంటే కర్ర అవతల ఇంకా బోలెడంత ఇసక కనబడింది. దాని కొసదాకా వినపడాలంటే ఎంతవుతుందో అదీ చెప్పాడు, దాచలేదు, పెంచలేదు. శేషారెడ్డి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పు చేసైనా సరే అనబోతుండగా, పెద్దాయన ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆ కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"దీని అవతల నాకోసం ఎవడు కూచుంటాడురా? వచ్చినోళ్లని ముందుకు జరగమను."

ఆ ఆదివారం సాయంత్రం జనాన్ని కర్రకు ఇవతలే కూర్చోబెట్టారు. ప్రతి మాటా అందరికీ చేరింది. ఒక్కరూ నవ్వలేదు సరికదా, మళ్లీ పాడమన్నారు. పెద్దాయన మళ్లీ పాడాడు. కొడుకు ఇసకలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సామాను సర్దేటప్పుడు పెంచలయ్య ఉండబట్టలేకపోయాడు. "తండ్రి మాట ఎత్తి కాస్త నొక్కి ఉంటే పెద్ద సెట్టే తీసుకునేవాడు గదా మేస్త్రీ?"

"తీసుకునేవాడే" అన్నాడు మస్తానయ్య వైరు చుడుతూ. "వైర్లు పీకేశారన్నావే, ఆ పెళ్లివాళ్లతో బేరం ఎక్కడ కుదుర్చుకున్నావు?"

"మా కొట్లోనే."

"కొట్లో ఎవరికైనా బాగానే వినపడుతుందిలే" అన్నాడు గురువు.