వంకలేరు పద్నాలుగు వంకలు తిరిగిన కథ

ఒకప్పుడు మా వంకలేటికి ఒక్క వంక కూడా లేదు. అప్పుడు దాని పేరు సూటేరు. ఎలుగుగుట్ట మీద పుట్టి, లాగి కట్టిన తాడులా తిన్నగా పరుగెత్తి, ఒక్క పూటలో పోయి పెద్దేట్లో దూకేది.

"నాకంటే ముందు పెద్దేటిని చేరే ఏరు ఈ చుట్టుపక్కల ఉందా?" అని కొంగల్ని అడిగేది.

లేదని కొంగలు చెప్పేవి. అది నిజమే.

ఇప్పుడు మా మండలంలో పద్నాలుగు ఊళ్ళున్నాయి కదా, అప్పుడూ అన్నే ఉండేవి. కాని ఏ ఊరి గొడవ ఆ ఊరిదే. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి పొలిమేర తొక్కితే కుక్కలు మొరుగుతూ వచ్చేవి, వాటి వెనకే కర్రలు పట్టుకుని మనుషులొచ్చేవాళ్ళు. సూటేరు ఏ ఊరి పక్కకీ పోయేది కాదు. నీళ్ళు కావాలంటే కడవ నెత్తిన పెట్టుకుని ఆమడ దూరం నడవాల్సిందే.

గొర్రెలు కాసేవాళ్ళ ఊరు దొడ్డిపల్లె. ఆ ఊళ్ళో బీరమ్మ అని ఒకామె ఉండేది. ఒక ఏడు వానల్లేక గడ్డి ఎండిపోయింది. ఆమె మొగుడు పెద్ద మందను తోలుకుని మేత కోసం దూరదేశం పోయాడు. నడవలేని గొర్రెపిల్లలు ఆమె దగ్గరే ఉండిపోయాయి.

ఒకరోజు బీరమ్మ కడవ దించి వాకిట్లో పెట్టింది. గొర్రెపిల్లలన్నీ వచ్చి, కడవ బయట అంటిన తడిని నాకడం మొదలుపెట్టాయి. లోపలి నీళ్ళు మనుషులవని వాటికి ఎవరో చెప్పినట్టే, ఒక్కటి కూడా మూతి లోపల పెట్టలేదు. బీరమ్మ కడవంతా వాటికే పోసేసింది.

మర్నాడు పొద్దున్నే కుంకుమ భరిణె కొంగున కట్టుకుని సూటేటి దగ్గరికి పోయింది. ఒడ్డున ఉన్న నున్నటి బండకు బొట్టు పెట్టింది.

"అక్కా, మా ఊరికి రా. నిన్ను పిలవడానికొచ్చాను."

సూటేరు పరుగాపి నిలబడింది. పుట్టిన తరవాత అది నిలబడటం అదే మొదటిసారి.

"నన్నా? అందరూ వస్తారు, ముంచుకుంటారు, పోతారు. రమ్మని పిలిచినవాళ్ళెవరూ లేరు."

"మాదే తప్పు. అందుకే బొట్టు తెచ్చాను."

పైనుంచి ఎలుగుగుట్ట అంతా వింటోంది. "బిడ్డా, తొందరపడకు. అటు పక్కదంతా ఇసక. నువ్వటు తిరిగావంటే మొత్తం తాగేస్తుంది. పెద్దేటిని చేరకపోతే నిన్ను ఏరని ఎవరంటారు?" అంది.

సూటేరు బీరమ్మను చూసింది. "గుట్ట తాత చెప్పింది నిజమేనా?"

"నిజమే. నిన్ను పెద్దేటిదాకా ఎలా పంపాలో నాకిప్పుడు తెలీదు. కాని పంపకుండా మాత్రం ఇంటికి పోను."

లేనిపోని మాటలు చెప్పనందుకు సూటేటికి ఆమె నచ్చింది. తిన్నగా పోయేదల్లా ఒక్కసారి ఎడమ పక్కకు తిరిగింది. అదే మొదటి వంక.

దొడ్డిపల్లెలో గొర్రెపిల్లలు నాలుగు కాళ్ళూ నీళ్ళలో పెట్టి తాగాయి. ముసలివాళ్ళు మొహాలు కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నారు. ఊరి పెద్ద కొమరప్ప బీరమ్మకు బావ. ఆయన పదిమందిని పెట్టి, ఊరి చివర ఏటికి అడ్డంగా మట్టికట్ట వేయించాడు.

"వచ్చింది కదా, ఇంక ఇక్కడే ఉంటుంది" అన్నాడు.

నీళ్ళు నిలిచాయి. మూడో రోజుకు పచ్చబడ్డాయి. అడుగున ఇసక గుటకలు వేస్తూనే ఉంది. సూటేటి గొంతు సన్నబడింది. "బీరమ్మా, నేను కిందికి దిగిపోతున్నాను" అంది.

బీరమ్మ కట్ట మీదికి పోయి బావ ముందు నిలబడింది. "కట్ట తెగ్గొట్టించు బావా. బొట్టు పెట్టి పిలుచుకొచ్చినదాన్ని కట్టేస్తామా?"

"వదిలేశాక మళ్ళీ రాకపోతే? మన పిల్లల గతేంటి?"

"వస్తుందో రాదో నేను చెప్పలేను. ఇలాగే ఉంచితే మాత్రం ఎల్లుండికి బురద తప్ప ఏమీ మిగలదు. కావాలంటే చూడు, నిన్నటి తడి ఎక్కడుందో, ఈరోజు నీళ్ళెక్కడున్నాయో."

కొమరప్ప వంగి చూశాడు. నీళ్ళు జానెడు తగ్గాయి. పార తెమ్మని, కట్టను తనే తెగ్గొట్టాడు.

సూటేరు బయటపడింది కాని, సగమే మిగిలింది. ముందున్నది కుమ్మర్ల ఊరు కుండలపాడు. అదీ ఇసక నేలే. బీరమ్మ ఏటికంటే ముందు ఉరికి ఆ ఊరి పొలిమేర తొక్కింది. కుక్కలొచ్చాయి. కర్రలొచ్చాయి.

"కొట్టాలనుంటే తరవాత కొట్టండి. మీకు నీళ్ళు తెచ్చాను. ఇంకుతున్నాయి. ఏం చెయ్యాలో నాకు తోచడంలేదు" అంది బీరమ్మ.

ముత్తెమ్మ అనే ముసలి కుమ్మరామె వచ్చి, ఇసకలో దిగిపోతున్న నీళ్ళను చూసింది. "కారే కుండకు ఏం చేస్తాం? మన్ను మెత్తుతాం. ఏటికీ అదే చేద్దాం" అంది.

ఏడాదికి సరిపడా కుండలు చెయ్యడానికి దాచుకున్న బంకమన్నంతా ఊరివాళ్ళు తట్టలతో మోసుకొచ్చారు. ఏటి దారిలో పరిచి, చిన్నా పెద్దా అందరూ కాళ్ళతో తొక్కారు. సూటేరు దాని మీద జారుకుంటూ కుండలపాడు వీధుల పక్కగా నడిచింది.

ఆ తరవాత రాళ్ళగుంట దగ్గర నల్లబండ అడ్డం వచ్చింది. ఆ ఊరి వడ్డెర్లను పిలవాల్సిన పని లేకపోయింది. ఏరు వస్తోందని విని, సుత్తులూ గునపాలూ పట్టుకుని ముందే వచ్చి ఉన్నారు. రెండు రోజులు కొట్టి బండను చీల్చారు. ఆ చీలిక ఇప్పటికీ ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గునపం గీతలు వేళ్ళకు తగులుతాయి.

ఇంక ప్రతి ఊరూ డప్పులతో పొలిమేరకు వచ్చి పిలిచింది. సూటేరు ఒక ఊరికి ఎడమకు తిరిగింది, ఇంకో ఊరికి కుడికి తిరిగింది. ఎవరినీ కాదనలేదు. ఒక్క పూట దారికి తొమ్మిది రోజులు పట్టింది.

పెద్దేటిని చేరేసరికి అది బెత్తెడు వెడల్పుంది.

"ఎవరమ్మా నువ్వు? అందరికంటే ముందొచ్చే సూటేరు ఏమైంది?" అని పెద్దేరు అడిగింది.

"నేనే."

"ఇంత ఆలస్యమేంటి? ఇలా చిక్కిపోయావేంటి?"

ఏరు వెనక్కి తిరిగి చూసింది. పద్నాలుగు ఊళ్ళవాళ్ళూ దాని వెంటే వచ్చి, మోకాళ్ళదాకా బురదతో ఒడ్డున నిలబడి ఉన్నారు. ఎవరిది ఏ ఊరో బురదలో తెలియడంలేదు.

"ఊళ్ళు చూసుకుంటూ వచ్చాను. నాకు పద్నాలుగు పుట్టిళ్ళున్నాయి. ఇప్పుడు నా పేరు వంకలేరు" అంది. కొంగలతో మాట్లాడినప్పుడు కూడా దాని గొంతు అంత గర్వంగా లేదు.

పెద్దేరు పక్కకు జరిగి చోటిచ్చింది. బీరమ్మ అప్పుడు ఇంటికి పోయింది.

మరుసటి ఎండాకాలం ఏరు ఎండింది. కొమరప్ప ఒడ్డుకొచ్చి, తెల్లటి ఇసకను చూసి కూలబడ్డాడు. బీరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసక తోడింది. ముందు తడి తగిలింది. తరవాత చల్లటి నీళ్ళు ఊరాయి.

"నేను తాగిందంతా నాది కాదట. పిల్లలొచ్చి అడిగితే ఇమ్మని మీ అక్క చెప్పిపోయింది" అంది ఇసక.

కొమరప్ప ముందు గొర్రెపిల్లలను పిలిచాడు. అవి తాగాక తను తాగాడు.

అప్పటినుంచే వంకలేరు మా మండలంలో పద్నాలుగు వంకలు తిరుగుతూ, ఒక్క ఊరిని కూడా వదలకుండా పోతుంది. ఎంత మండే ఎండలోనైనా దాని ఇసకను మోచేతి లోతు తోడితే చాలు, చెలమలో తియ్యటి నీళ్ళు ఊరుతాయి.