గంటలు మోగాయి, తీర్థం రాలేదు

వల్లభరాజుగారికి కొత్త వస్తువంటే చెప్పలేనంత మోజు. ఒకసారి ఎవరో మాట్లాడే చిలకను తెస్తే, దానికి సభలో ఆసనం వేయించిన మనిషి. అలాంటాయన దగ్గరికి బేతన మంత్రి మాట్లాడే బొమ్మల్ని తెచ్చాడంటే ఇంక చెప్పాలా!

బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. వాటంతటవే ఆలోచిస్తాయి, నడుస్తాయి, అడిగితే మనిషిలా జవాబు చెబుతాయి. ఎంత వింతో చూడండి! మూడు ఊళ్ల శిల్పులు చేసిన మూడు జట్లు. ఒకటి నీళ్ల జట్టు, ఒకటి తోట జట్టు, ఒకటి పాత్రల జట్టు. ఒకదాని పని ఇంకొకటి ముట్టుకోదు. తమది కాని పని వస్తే పక్క జట్టుకి అప్పగించి, నడుముకున్న గంట మోగిస్తాయి.

"గంట మోగిందంటే పని అయినట్టే ప్రభూ," అన్నాడు బేతన మంత్రి మీసం మీద చెయ్యేసి. "వాటికి పని పంచేది నేను. ఇంక ఈ పరిచారకులంతా దేనికి? తిండి దండగ."

రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయిపోయారు. "రేపు ద్వాదశి. నా ఉపవాసం నీ బొమ్మలే విడిపించాలి. విడిపించాయా, ఎల్లుండి నుంచి కోటలో మనుషుల కొలువు రద్దు!"

ఆ మాట రాజుగారి వెనక నిలబడ్డ ముప్పమ్మ చెవిన పడింది. ఆమె రాజుగారికి తాంబూలం అందించే మనిషి. నోరు మహా చురుకు. తన ఒక్కతి సంగతైతే ఎలాగో గడిచేదే. నీళ్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, తోటవాళ్లు, వాళ్ల ఇంటిల్లిపాదీ ఏమైపోవాలి?

"ఏమే ముప్పీ, మూట కట్టుకున్నావా?" అన్నాడు మంత్రి పక్కనుంచి వెళుతూ.

"కట్టుకుంటానయ్యా. ఆ మూట మోసే పని ఏ జట్టుదో కాస్త కనుక్కుని చెప్పండి," అంది ముప్పమ్మ.

మర్నాడు పొద్దున్నే సభ నిండింది. ఏకాదశి అంతా మంచినీళ్లు కూడా ముట్టని రాజుగారు పెదవులు ఎండి కూర్చున్నారు. ద్వాదశి దాటకముందే ఒక్క ఉద్ధరిణెడు తులసి తీర్థం గొంతులో పడాలి. లేకపోతే చేసిన వ్రతమంతా వృథా.

"ఎండ ఆ స్తంభాన్ని తాకిందంటే తిథి వెళ్లిపోయినట్టే," అన్నారు పురోహితులు సోమయాజులుగారు.

పరిచారకుల్ని మంత్రి ముందే కోటగుమ్మం బయట నిలబెట్టాడు. ముప్పమ్మ ఒక్కతే లోపల మిగిలింది, తాంబూలం జట్టు ఇంకా తయారు కాలేదు గనక.

మంత్రి దర్జాగా నీళ్ల జట్టు వైపు చెయ్యి ఊపాడు. "ప్రభువులకు తులసి తీర్థం!"

"తీర్థానికి తులసి కావాలి. తోట జట్టుకి అప్పగించాం," అంది నీళ్ల బొమ్మ. గంట మోగింది.

"ద్వాదశినాడు తులసి కొయ్యరు గనక ముందే కోసి తడిబట్టలో ఉంచాం. వెయ్యడానికి ఉద్ధరిణె ఏదీ? పాత్రల జట్టుకి అప్పగించాం," అంది తోట బొమ్మ. గంట మోగింది.

"ఉద్ధరిణె ఉంది. అందులోకి నీళ్లు రావాలి. నీళ్ల జట్టుకి అప్పగించాం," అంది పాత్రల బొమ్మ. గంట మోగింది.

మళ్లీ నీళ్ల బొమ్మ. మళ్లీ తోట బొమ్మ. తిరునాళ్లకి ఎడ్లబళ్లన్నీ ఒక్కసారే వచ్చినట్టు సభంతా గణగణ!

"చూశారా ప్రభూ, ఎంత పని జరిగిపోతోందో!" మంత్రి ముఖం వెలిగిపోయింది.

"జరుగుతోందయ్యా. నా గొంతే తడవలేదు," అన్నారు రాజుగారు నీరసంగా.

"ఊఁ, ఇంకా త్వరగా అప్పగించండి!" అని మంత్రి అరిచాడు. గంటలు జోరందుకున్నాయి. ఎండేమో స్తంభం వైపు పాకుతోంది.

"ప్రభూ, వేళ మించిపోతోంది!" అన్నారు సోమయాజులుగారు చేతులు నలుపుకుంటూ.

ముప్పమ్మ ముందుకొచ్చింది. "పరుగెత్తి నేనే తేగలను ప్రభూ. తెస్తే బొమ్మల పొట్ట కొట్టానంటారు మంత్రిగారు. వాటితో ఒక్క మాట చెప్పనివ్వండి."

"తాంబూలం మోసేదానివి, నువ్వు చెప్పేదేమిటే?" మంత్రి కస్సుమన్నాడు.

"చెప్పనీవయ్యా బాబూ!" అన్నారు రాజుగారు.

ముప్పమ్మ బొమ్మల వైపు తిరిగింది.

"గంటలు ఆపండి. మీకు మొట్టమొదట ఎవరు పని అప్పగించారో వాళ్ల చేతికే తిరిగి ఇచ్చెయ్యండి. ఒట్టి చేతులతో మాత్రం ఇవ్వకండి. మీ వంతు అందులో వేసి మరీ ఇవ్వండి."

గణగణ ఆగిపోయింది. పాత్రల బొమ్మ ఉద్ధరిణె తీసి తోట బొమ్మ చేతిలో పెట్టింది. తోట బొమ్మ అందులో తులసి దళం వేసి నీళ్ల బొమ్మకిచ్చింది. నీళ్ల బొమ్మ నీళ్లు పోసింది. నేరుగా నడిచొచ్చి బేతన మంత్రి చేతిలో పెట్టింది.

నిండు ఉద్ధరిణె! మంత్రి దాన్ని తేలుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఎవరక్కడ!" అన్నాడు అలవాటు కొద్దీ. ఎవరున్నారు? అందర్నీ తనే కదా బయటికి తోలింది!

"ఇప్పుడు... ఇది ఎవరికి అప్పగించను?" అన్నాడు చుట్టూ చూస్తూ.

"తమరికి పని చెప్పినవారికే," అంది ముప్పమ్మ. "దగ్గరే కదా మంత్రిగారూ. తొణక్కుండా నడవండి."

పాపం, ఏనాడూ పని ఎరగని చేతులు! ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి, ఎండ స్తంభాన్ని తాకేలోపే రాజుగారి అరచేతిలో తీర్థం పోశాడు. రాజుగారు కళ్లు మూసుకుని పుచ్చుకున్నారు.

అప్పుడు ముప్పమ్మ నీళ్ల బొమ్మ నడుముకున్న గంటను ఒక్కసారి మోగించింది.

"ఇదీ ప్రభూ, పని అయిన గంట. ఇందాకటివన్నీ పని వదిలించుకున్న గంటలు!"

రాజుగారు ముందు తెల్లబోయారు, తర్వాత పగలబడి నవ్వారు. సభంతా నవ్వింది. సోమయాజులుగారైతే ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి ముప్పమ్మకిచ్చారు.

"కోటగుమ్మం తెరవండి, మన మనుషులు ఎక్కడికీ పోరు. బొమ్మలూ ఉంటాయి. వాటికి పని పంచేది ఇకమీదట ముప్పమ్మ."

"మరి నేను ప్రభూ?" అన్నాడు బేతన మంత్రి.

"ఉద్ధరిణె బాగా మోశావయ్యా. ప్రతి ద్వాదశికీ ఆ పని నీదే. చూడు, ఇంకెవరికైనా అప్పగించేవు!"