సుద్దముక్కతో గీసిన సోఫా

శిష్యులు ఏ సందేహం అడిగినా అనంతయ్యగారు కూర్చున్నచోట జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని, "పద, చూసొద్దాం" అంటారు. చూడ్డానికేమీ లేని సందేహాలకి కూడా అంతే. కొత్తలో శిష్యులు విసుక్కునేవారు, పోనుపోను అలవాటుపడ్డారు.

ఆ గురువారం సాయంత్రం పాఠం ముగిసి అందరూ వెళ్లిపోయినా వామనరావు మాత్రం కదల్లేదు. అతను నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఏళ్ల తరబడి కాలవగట్లు కొలిచినా అలసట ఎరగని మనిషి, మూడు ఆదివారాలుగా సోఫాలు కొలిచి నీరసపడిపోయాడు.

"మీకు నవ్వొస్తుందేమో గురువుగారూ. హాల్లోకి ఎలాంటి సోఫా కొనాలో ఎంతకీ తేలడం లేదండీ. పాత కుర్చీలు తీసేశాం. చాపల మీద కూర్చోలేక మోకాళ్లు పట్టేస్తున్నాయి."

"మీ ఆవిడేమంటుంది?"

"ఏదో ఒకటి కొనండి అంటుంది, అంతే. మొన్న ఆదివారమైతే మరీ. షాపులో కాసేపు కూర్చోమన్నాను. కొలతలు రాసుకుని వచ్చేసరికి అక్కడే నోరు తెరుచుకుని నిద్రపోతోంది! షాపువాళ్లంతా ముసిముసి నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. రెక్క పట్టుకుని లేపి తీసుకొచ్చేశాను."

అనంతయ్యగారు నవ్వలేదు. కండువా అందుకున్నారు.

వామనరావు ఇంట్లో హాలు నిండా సుద్దగీతలే. ఏ సీటు ఎక్కడొస్తుందో నేలమీద ముందే గీసి పెట్టుకున్నాడు. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! "ఈ గోడవార మూడు సీట్లది, మా అన్నయ్యావాళ్లు వచ్చినప్పుడు. టీవీకి ఎదురుగా నాది. కిటికీ పక్క రెండూ పిల్లలవి. ఇక ఈ నాలుగూ సాయంత్రాలు వచ్చే మా స్నేహితులకి" అంటూ, గీతల మీద కాలు పడకుండా నడుస్తూ ఒక్కొక్కటే చూపించాడు. గురువుగారు అన్నీ చూసి చాప మీద చతికిలబడ్డారు.

వామనరావు భార్య కనకవల్లి కాఫీ తెచ్చింది. ఇద్దరికీ ఇచ్చి, వెనక్కి వెళ్లి, వంటింటి గుమ్మానికి తల ఆనించి నిలబడింది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచిన మనిషి. కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

"నువ్వూ కూర్చో అమ్మా" అన్నారు గురువుగారు.

"పర్లేదండీ. ఇప్పుడు కూర్చున్నానంటే మళ్లీ లేవలేను. వీరి స్నేహితులొచ్చే వేళయింది, పకోడీలకి ఉల్లిపాయలు తరగాలి."

గురువుగారు ఆమె తలవైపే చూశారు. లేతాకుపచ్చ రంగు వేసిన గుమ్మం మీద, సరిగ్గా ఆమె తల ఆనినచోట, అరచెయ్యంత నల్లటి మరక ఉంది.

"అదేమిటోయ్?"

"నూనె మరకండీ. ఆ పెయింటర్ని ఎన్ని తిట్టినా లాభం లేదు. రెండుసార్లు రంగు వేయించాను. ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ అక్కడే..."

వామనరావు మాట మధ్యలో ఆగిపోయింది. పదహారేళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఆ మరకని చూస్తూనే ఉన్నాడు. ఆ ఎత్తున ఎవరి తల ఉంటుందో మాత్రం ఏనాడూ చూడలేదు. కనకవల్లి ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు గబుక్కున తల పక్కకి తీసి, చీరకొంగుతో గుమ్మాన్ని తుడవబోయింది. అది చూసి అతను చప్పున చూపు తిప్పుకున్నాడు. ఎక్కడ చూద్దామన్నా తను గీసిన గీతలే కనిపిస్తున్నాయి.

"ఏం కొనమంటారో మీరే చెప్పండి" అన్నాడు, గురువుగారి వెనకే గేటు దాకా వచ్చి.

అనంతయ్యగారు తీరిగ్గా చెప్పులు వేసుకున్నారు.

"మొన్న ఆవిడ నిద్రపోయిందన్నావే, అది ఎలాంటి కుర్చీ?"

వామనరావు జేబులోంచి కొలతల చీటీ తీశాడు. ముప్ఫై సోఫాల పొడవూ వెడల్పూ ఉన్నాయి అందులో. అదొక్కటీ లేదు. ఎంత ఆలోచించినా దాని రంగు కూడా గుర్తురాలేదు.

"చూడలేదండీ" అన్నాడు నెమ్మదిగా.

"అయితే ఆ షాపుకే మళ్లీ తీసుకెళ్లు" అన్నారు గురువుగారు. "ఈసారి లేపకు."