మెతుకులతో అంటించిన పేజీ

ఎవరేం అడిగినా చిదంబరమ్మగారు వెంటనే బదులిచ్చేవారు కాదు. చేతిలో ఉన్న వత్తి పూర్తిచేసి పళ్లెంలో పెట్టాకే తలెత్తేవారు. మధ్యాహ్నాలు ఆవిడ అరుగు మీద భాగవతం వినడానికి చేరేవాళ్లలో మా పెద్దమ్మ సుభద్ర ఒకతె. ఆనాడు నేనూ పక్కనే వత్తులు చేస్తున్నాను. పెద్దమ్మ అడిగింది ఈనాటికీ నా చెవుల్లోనే ఉంది.

"నాలుగేళ్ల పిల్లకి చావు సంగతి ఎలా చెప్పాలమ్మా?"

పెద్దమ్మ కూతురు ఇందుమతి పోయి అప్పటికి మూడు నెలలు. ఇందుమతి బిడ్డ వల్లికి మాత్రం, అమ్మ ఆస్పత్రిలో ఉంది, వచ్చేస్తుంది అనే పెద్దమ్మ చెబుతూ వస్తోంది. ఆ పిల్లకి ప్రాణమైన బొమ్మల పుస్తకం ఒకటుంది. అమ్మలక్కలు చెప్పుకునే పాత పిట్టల కథే, తోలుబొమ్మల తీరులో రంగులద్ది అచ్చువేశారు. అందులో గాలివానకి పిట్టతల్లి చచ్చిపడి ఉన్న బొమ్మ కనబడకుండా పెద్దమ్మ ఆ రెండు పేజీల్నీ అన్నం మెతుకులతో అంటించేసింది. "పిట్టతల్లి ఊరెళ్లింది" అని దాటేసి, కాకమ్మ ఆ పిట్టపిల్లల్ని సాకే చోటు నుంచి చదివేది.

చిదంబరమ్మగారు, అరుగు చివర ఆ పుస్తకంతో ఆడుకుంటున్న వల్లిని ఒళ్లోకి తీసుకుని, "నాకు చదువు రాదే, నువ్వు చెప్పు" అన్నారు.

"అబద్ధం! అంత లావు పుస్తకం చదువుతారుగా!"

"అందులో బొమ్మల్లేవు మరి."

వల్లి నవ్వి, బొమ్మల మీద వేలు పెట్టి చెప్పుకుపోయింది. అంటించిన చోటికి రాగానే అచ్చం పెద్దమ్మ గొంతుతో "పిట్టతల్లి ఊరెళ్లింది" అని పేజీ తిప్పబోయింది. చిదంబరమ్మగారు అంచు తడిమి చూశారు.

"ఈ మెతుకు ఇంకా తడిగా ఉంది సుభద్రా."

"నేనంటించి రెండు నెలలైందమ్మా!" పెద్దమ్మ మొహం పాలిపోయింది.

వల్లి చిదంబరమ్మగారి చెవిలో చెప్పింది. గుసగుసే గానీ అరుగంతా వినబడింది.

"నేనే. ఊడినప్పుడల్లా మళ్లీ అంటిస్తా. లోపల పిట్టమ్మ చచ్చిపోయింది, మా అమ్మలాగే. అమ్మమ్మకి తెలీదు పాపం, రోజూ వచ్చేస్తుందంటుంది. మీరు చెప్పకండేం?"

నా చేతిలోని పత్తి జారిపోయింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల ఒక్కతే ఏమీ జరగనట్టు మా అందరి మొహాలూ చూస్తోంది.

చిదంబరమ్మగారు గోటితో ఆ మెతుకు గీకి, పేజీలు మెల్లిగా విడదీశారు. పుస్తకం వల్లి చేతికే ఇచ్చి, పిల్లని పెద్దమ్మ వైపు జరిపారు.

"నెమ్మదిగా చెప్పు తల్లీ. మీ అమ్మమ్మ ఇంకా చిన్నపిల్ల."