వరస తప్పిన నూకాలు

ముందే చెప్తున్నా తల్లీ, ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చెయ్యొచ్చు. ఈమధ్య అలాగే అవుతోంది. నువ్వు దుప్పటి కప్పుకుని విను.

అనగనగా ఒక ఊరు. మనుషుల ఊరు కాదు, తేనెటీగల ఊరు. కొండవాలులో ఒక ఇప్పచెట్టు తొర్రలో ఉండేది. ఆ ఊళ్ళో అందరికీ అమ్మ ఒక్కతే, రాణీగ. ఆమె పని గుడ్లు పెట్టడం. పోతుటీగల పని తినడం, ఎండపూట ఓ షికారు కొట్టి రావడం. మిగతా పనంతా ఆడ ఈగలదే.

ఆ పనికి ఒక వరస ఉండేది. పుట్టగానే గదులు శుభ్రం చెయ్యాలి. ఆ తర్వాత పుప్పొడి తిని, నోట్లో పాలు ఊరించి పసిపిల్లలకి పట్టాలి. ఆ తర్వాత మైనంతో గదులు కట్టాలి, గుమ్మంలో కాపలా కాయాలి. చివరికి పూలకి పోవాలి. పూలకి పోయిన ఈగ మళ్ళీ పిల్లల గదుల్లో అడుగు పెట్టకూడదు. అది కట్టుబాటు.

నూకాలు పూలకి పోయే ముసలి ఈగ. రెక్కల అంచులు చిరిగిపోయాయి. వీపు మీది నూగు రాలిపోయి నున్నగా అయింది. ఏ పువ్వు ఎటువైపుందో అప్పుడప్పుడు మర్చిపోయేది. ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు.

ఒకరోజు మనుషులు తేనె కోసం వచ్చి తొర్రలో పొగ పెట్టారు. అప్పుడు రాణీగ ఊపిరాడక చచ్చిపోయింది. పిల్లలని కప్పుకుని కూర్చున్న లేత ఈగలు కదల్లేదు, వాళ్ళూ పోయారు. బయట ఉన్న ముసలి ఈగలు మిగిలారు. కాపలా ఈగ పైడమ్మ మిగిలింది. పోతుటీగలు ఎలాగూ మిగిలారు.

లోపల ఓ మూల కొందరు పసిపిల్లలు ఇంకా మెదులుతున్నారు. వాళ్ళ గదుల అడుగున పాత పాలు కాస్త ఉన్నాయి. అవి అయిపోతే పిల్లలు పోతారు. పిల్లలు పోతే ఊరే పోతుంది.

అప్పుడు అందరూ కూడారు. ఒక ఈగ, "సాయం చెయ్యమని పక్క కొండ ఈగలని బతిమాలుకుందాం" అంది.

"గుమ్మంలోనే కుడతారు" అంది పైడమ్మ.

ఇంకో ఈగ, "మనమే గుడ్లు పెడదాం" అంది.

"మనం పెడితే అన్నీ పోతులే పుడతాయి" అంది పైడమ్మ.

చినబాబు అనే పోతుటీగ తేనె నాకుతూ, "అదీ మంచిదేగా" అన్నాడు.

అప్పుడు నూకాలు లేచింది. "ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నదానికి రాణిపాలు, అదే మన నోట్లో ఊరే పాలు, విడవకుండా పట్టి పెంచితే రాణి అవుతుంది. నేను పాలు పడతాను."

పైడమ్మ అడ్డం నిలబడింది. "నువ్వు పూలకి పోయినదానివి. వరస తప్పితే ఎలాగే?"

"ఊరే లేకపోతే ఇంక వరస ఎవరికోసమే? జరుగు."

చినబాబు నవ్వాడు. "పళ్ళూడిన అవ్వ చంటిపిల్లకి పాలిస్తుందట."

"నువ్వు తిని కూర్చో నాయనా. నీ పనికి ఏ అడ్డూ రాదు" అని నూకాలు లోపలికి పోయింది.

మొదటిరోజు కడుపునిండా పుప్పొడి తింది. పాలు రాలేదు. ఎలా ఊరించాలో మర్చిపోయానేమో అనుకుంది. అయినా బయటికి రాలేదు.

రెండోరోజూ పాలు రాలేదు. గదుల అడుగున తడి మాత్రం మిగిలింది. "ఇంక వచ్చెయ్యవే" అని పైడమ్మ పిలిచింది. నూకాలు ఇంకో ముద్ద పుప్పొడి తింది.

మూడోరోజు తెల్లారేసరికి నోటి చివర ఒక తెల్లటి చుక్క. నూకాలు మర్చిపోయింది గానీ, నూకాలు నోరు మర్చిపోలేదు.

అప్పుడు అందరికన్నా చిన్నపిల్లని ఎంచుకుంది. మిగతా ముసలి ఈగలు మైనం మెత్తబరిచి అందించారు. నూకాలు ఆ పిల్ల చుట్టూ వేరుశనక్కాయలా కిందికి వేలాడే గది కట్టి, పిల్ల తేలేలా పాలు పోసింది.

ఆ తర్వాత ఆ గదిలోంచి పొడుగాటి రాణి బయటికొచ్చింది. ఎండలో పైకి ఎగిరింది. ఆ కొండ పోతులూ ఈ కొండ పోతులూ వెంటపడ్డారు. చినబాబూ వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. రాణి తిరిగొచ్చి గుడ్లు పెట్టింది.

గుడ్లు పిల్లలయ్యాయి. ఎన్ని నోళ్ళో. నూకాలు ఒక్కతే ఈ గదికీ ఆ గదికీ తిరుగుతోంది. అప్పుడు వెనక ఎవరో నిలబడ్డారు. చూస్తే పైడమ్మ.

"బయటికి పొమ్మంటావా? నేను పోను" అంది నూకాలు.

"అది కాదే. నేనూ పాలు పడదామని. నాకు చేతనవుతుందో లేదో."

"నాకూ అలాగే అనిపించింది. ముందు పుప్పొడి తిను" అని నూకాలు పక్కకి జరిగింది.

తొర్రలోన రాణి నిలిచె,
పసినోట పాలు కురిసె,
కథేమో కంచి చేరె,
కంటిలోన కునుకు దూరె.

చెల్లీ, వరాలూ, పిల్ల పడుకుంది గానీ నువ్వు ఒక్కసారి చెప్పవే. కాపలా ఈగ పైడమ్మేనా, గౌరమ్మా? మనకి అమ్మ ఏమని చెప్పేది? ఆ పోతు పేరు కూడా సరిగ్గా చెప్పానో లేదో చూడు. నూకాలు పేరు మాత్రం చూడక్కర్లేదు. అది నాకు గుర్తే.