చుక్కమ్మ హుంకారం

వేసవి ముదిరి బండవాగు ఎండిపోయింది. మిగిలింది ఒకే ఒక్క చెలమ, ఇసుకలో తవ్విన గుంట. అడవిలో అందరూ ఆ గుంటలోనే తాగాలి. ముందు తాగినవాళ్లకు తేట నీళ్లు, చివర తాగినవాళ్లకు బురద. గేదె చుక్కమ్మది ఎప్పుడూ చివరి వంతే. "నువ్వు దిగితే నీళ్లు మాకు పనికిరావు" అనేవాళ్లు. అంతమంది తొక్కి కలిపాక ఆమె ఒక్కతే ఏం పాడుచేస్తుందో నాకైతే అర్థం కాదు. ఆ బురద తాగి తాగి ఆమె దూడకు కడుపు చెడింది. రెండు పూటలుగా పైకి లేవడం లేదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏటా ఎండాకాలం పాటల సభ పెడతారు. సొంతంగా పాట కట్టినవాళ్లే వచ్చి పాడాలి. అదీ ఊరికే కాదు, ఏ పని చేస్తూ ఆ పాట కట్టారో ఆ పని చేస్తూ పాడాలి. నెగ్గినవాళ్లకు వానలు పడేదాకా చెలమ దగ్గర మొదటి వంతు.

చుక్కమ్మ దగ్గర ఒక పాట ఉంది. మధ్యాహ్నం నీడలో దూడ పక్కన పడుకుని మెల్లగా పాడుకునేది. అది నక్క చెవిన పడింది.

"అక్కా, పాట బంగారం. నీ గొంతే కాస్త బొంగురు. ఒకసారి నాకు పూర్తిగా వినిపించు, తప్పులుంటే దిద్దుతాను" అన్నాడు నక్క.

"నీకు పుణ్యముంటుంది తమ్ముడూ. నా బిడ్డ కోసం ఎలాగైనా నెగ్గాలి" అని చుక్కమ్మ పాటంతా వినిపించింది. నక్కను నమ్మడమేమిటని మీరంటారు. బిడ్డకు జబ్బు చేసిన తల్లి ఎవరినైనా నమ్ముతుంది.

దూడ పడుకున్న నీడలోనే సభ జరిగింది. పెద్దరికం తాబేలు తాతది. వడ్రంగి పిట్ట చెట్టు పొడుస్తూ పాడింది. చీమ నూక లాగుతూ పాడింది. చుక్కమ్మ వంతు రాకముందే నక్క మధ్యలోకి దూకాడు.

"నడుస్తూ కట్టిన పాట తాతా, నడుస్తూనే పాడతాను" అని మొదలుపెట్టాడు.

"నల్లమబ్బా నల్లమబ్బా ఎటు పోతివే, హుం
వాగు ఎండి గులకరాళ్లు తేలిపోయెనే, హుం
ఒక్క చుక్క రాల్చిపోవె చల్లని తల్లీ, హుం"

అది తన పాటేనని చుక్కమ్మ దిగ్గున తలెత్తింది. ప్రతి 'హుం' దగ్గరా నక్క అడుగు తడబడుతోంది, ఆగి మళ్లీ నడుస్తున్నాడు.

"పాట బాగుంది. ఆ హుం ఏమిట్రా?" అన్నాడు తాబేలు తాత.

"గమకం తాతా. సంగీతం తెలిసినవాళ్లకే అర్థమవుతుంది."

అందరూ తెలిసినట్టే తలలూపారు.

"తాతా, ఆ పాట నాది" అంది చుక్కమ్మ.

నక్క నవ్వాడు. "ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది. గేదె పాట కట్టిందంటే నమ్ముతారా?"

"నమ్మడం తర్వాత. ముందు వింటాం. నువ్వు ఏం చేస్తూ కట్టావమ్మా?" అన్నాడు తాత.

"ఏమీ చేయకుండానే తాతా. పడుకుని నెమరేస్తూ కట్టాను."

ఆమె దూడ పక్కన చతికిలబడింది. దవడలు కదిలాయి. నములుతూనే పాట అందుకుంది. గొంతు బొంగురే, కాదనను. చరణం పూర్తయ్యేసరికి నోట్లో ముద్ద కిందికి దిగింది. ఇంకో ముద్ద కడుపులోంచి పైకొస్తుంటే గొంతులోంచి 'హుం' అని వచ్చింది. మళ్లీ నమలడం, మళ్లీ చరణం, మళ్లీ హుం.

"ఓసి, ఇది మా ఇంటి చప్పుడే" అంది మేక. జింకలు కూడా అవునన్నాయి.

రోజూ ఆ పాట వింటూ నిద్రపోయే దూడ చెవులు రిక్కించింది. నక్క పాడినంతసేపూ కళ్లు తెరవనిది, వణికే కాళ్ల మీద లేచి తల్లి మెడకు ఆనుకుంది.

తాబేలు తాత నక్క వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు ఎప్పటినుంచి నెమరేస్తున్నావు?"

నక్క తేలు కుట్టిన దొంగలా తోక ముడిచి వెనక్కి జరిగాడు. పులిని చూసి వాత పెట్టుకున్నాడని వీళ్ల తాతను గురించి చెప్పుకుంటారు. వీడు గేదెను చూసి పెట్టుకున్నాడు, అంతే తేడా.

ఆ సాయంత్రం చెలమలో తేట నీళ్లు మొదట దూడ తాగింది. తర్వాత తల్లి తాగింది. తర్వాత మిగతావాళ్లు వరసగా తాగారు. అందరి వెనకా నక్క వచ్చి బురదలో మూతి పెట్టాడు. గొంతు దిగక 'హుం' అన్నాడు. ఈసారి అది అచ్చంగా వాడి సొంతమే.

పాటను ఎత్తుకుపోవచ్చు గానీ, అది పుట్టిన బతుకును ఎత్తుకుపోలేం.