వెనకవాడికి చెప్పిన గుంట

అనగనగా ఒక కొండల రాజ్యం. అక్కడ ఏనుగులు ఎక్కలేని దారులున్నాయి, గుర్రాలు దిగలేని దారులున్నాయి. పల్లకి వెళ్ళలేని దారి మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటారా? పల్లకి మోసే బోయీలు అటువంటివాళ్ళు మరి! వాళ్ళ కథే చెబుతాను, వినండి.

ఆ రాజుగారి పేరు ధవళకీర్తి. ఆయనకు లేకలేక పుట్టిన కూతురు హేమలేఖ. ఒకనాడు ఆ చిన్నారికి విషజ్వరం తగిలింది. పిలిస్తే పలకదు, కన్ను తెరవదు. ఆ జబ్బుకు మందు తెలిసినవాడు కొండ మీద ఉండే గరుడశర్మ ఒక్కడే. ఆయనేమో నాలుగడుగులు వేస్తే ఆయాసపడే ముసలి వైద్యుడు.

రాజు తన బోయీలను పిలిచి చేతులు పట్టుకున్నాడు. "నాయనలారా! దీపాలు పెట్టేవేళకు వైద్యుణ్ణి తీసుకురండి. ఆలస్యమైతే నా బిడ్డ నాకు దక్కదు."

బోయీలు నలుగురు. దుర్గన్న ఆజానుబాహుడు, బలానికి అతడి తరువాతే ఎవరైనా. ఆ సంగతి అతడికీ బాగా తెలుసు, అదే చిక్కు. చిత్తయ్య పొట్టివాడు, గొంతు మాత్రం కంచుగంట. గవరయ్య నెమ్మదస్తుడు. ఇక పైడయ్య ఉన్నాడే, ఈ కథ పూర్తయ్యేదాకా ఒక్క మాట మాట్లాడడు, భుజం మాత్రం దించడు. అలాంటివాళ్ళు కూడా కావాలి కదండీ!

కొండెక్కారు. వైద్యుడు మందుకుండ ఒళ్ళో పెట్టుకుని పల్లకిలో కూర్చున్నాడు. ముందు దుర్గన్న, పైడయ్య. వెనక గవరయ్య, చిత్తయ్య. దిగుడు మొదలైంది.

కొంత దూరం పోయాక, దారిలో ఎండుటాకులు కప్పిన గుంట ఒకటి వచ్చింది. దుర్గన్న దాన్ని చూశాడు. పెద్ద అంగ వేసి దాటాడు. దాటి ఊరుకున్నాడు.

అతడి వెనకే వస్తున్న గవరయ్య కాలు తిన్నగా వెళ్ళి అందులో పడింది. పల్లకి ఒరిగింది. కుండలోంచి మందు సగం ఒలికిపోయింది.

"అయ్యయ్యో! మిగిలింది ఒక్క మోతాదే. ఇంకోసారి ఒలికిందంటే ఆ పిల్లకు మందు లేదు!" అని వైద్యుడు నెత్తి బాదుకున్నాడు.

"ఒరే గవరయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా? నేను దాటలేదూ?" అని దుర్గన్న గద్దించాడు.

"నువ్వు దాటావన్నా. నా కళ్ళముందు పల్లకి చెక్క తప్ప ఇంకేముంది? నాకెలా తెలుస్తుంది?" అన్నాడు గవరయ్య, మూలుగుతూ.

చిత్తయ్య తన తలపాగా విప్పి గవరయ్య బెణికిన చీలమండకు గట్టిగా కట్టాడు.

"నడవగలవా?"

"కుంటుతూ నడుస్తాను."

"అంతే చాలు. దుర్గన్నా, నువ్వు వెనక్కొచ్చి గవరయ్య పక్కన ఉండు. వాడి బరువు కూడా కలిపి మోయగల భుజం మనలో నీదొక్కటే. ముందు నేనుంటాను."

పొగిడితే కాదనేవాడెవడు? దుర్గన్న వెనక్కి వెళ్ళాడు.

ఇక చిత్తయ్య గొంతు లేచింది. "రాయి, చూసుకో!" అంటే వెనకవాళ్ళు "ఓహోం!" "వేరుంది, కాలెత్తు!" అంటే "ఓహోం!" కొండంతా ఆ కేకలే.

దుర్గన్నకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, ఈ నత్తనడకతో పొద్దుగూకదూ? అంగలెయ్యి!"

"గవరయ్య అడుగే ఇవాళ మన అందరి అడుగు. ఎక్కడా ఆగం కదా, వేళకు చేరతాంలే," అన్నాడు చిత్తయ్య.

దుర్గన్న సణుక్కున్నాడు. పాపం, అంతటి మొనగాడికీ ఇప్పుడు పల్లకి చెక్క తప్ప ఏమీ కనబడటం లేదు! అంతలో ముందునుంచి కేక వచ్చింది. "ఎడమపక్క లోయ! కుడికి జరుగు, దుర్గన్నా, కుడికి!"

దుర్గన్న చప్పున జరిగాడు. అతడు వదిలిన చోటినుంచి ఒక రాయి జారింది. అది లోయలో ఎక్కడో పడిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. ఆ తరువాత దుర్గన్న ఒక్క మాట సణగలేదు, చెవులు రిక్కించి చిత్తయ్య కేక కోసం ఎదురుచూశాడు.

కొండ దిగేసరికి వాగు అడ్డమొచ్చింది. పైన వాన పడిందేమో, పొద్దున మోకాళ్ళ లోతున్న వాగు ఇప్పుడు ఉరకలు వేస్తోంది. చిత్తయ్య నాలుగడుగులు వేశాడో లేదో, నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. గొప్పలకు పోయేవాడైతే పళ్ళు బిగించి ముందుకే పోయేవాడు, పల్లకిని ముంచేవాడు.

"ఆగండి! ఇక్కడ నావల్ల కాదు. నాకు కాలు నిలవడం లేదు," అని చిత్తయ్య ఉన్నమాట గట్టిగా అరిచి చెప్పాడు. నావల్ల కాదని నలుగురిలో చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి!

వెనక్కి తగ్గి, ఒడ్డున చోట్లు మార్చుకున్నారు. దుర్గన్న మళ్ళీ ముందుకొచ్చి వరద తాకిడి కాచాడు, చిత్తయ్య అతడి మాటున వెనక బొంగు ఊతగా పట్టుకున్నాడు. నీళ్ళు దుర్గన్న నడుము దాటలేదు. వాగు నడుమకు వచ్చేసరికి అతడి కాలికింద ఇసుక కుంగి గుంట తగిలింది. నిలదొక్కుకుని దాటాడు. ఈసారి మాత్రం ఊరుకోలేదు.

"గవరయ్యా, గుంట! కుడికి జరుగు, తమ్ముడూ!"

"ఓహోం!" అన్నాడు గవరయ్య. అంత వరదలోనూ అతడికి నవ్వొచ్చింది.

కోటలో మొదటి దీపం వెలిగించే వేళకు పల్లకి వాకిట దిగింది. వైద్యుడు ఆ ఒక్క మోతాదు మందూ పిల్ల నోట్లో పోశాడు. కాసేపటికి హేమలేఖ కళ్ళు తెరిచి, "నాన్నా, దాహం," అంది. రాజు పసిపిల్లవాడిలా ఏడ్చేశాడు.

ఆనందం పట్టలేక తన చేతి బంగారు కడియం తీసి, దుర్గన్న ముందు నిలిచాడు. "నీ భుజబలమే నా బిడ్డను బతికించింది. ఇది నీది."

తీసుకుంటే అడిగేవాడు లేడు. దుర్గన్న తల వంచుకున్నాడు.

"ప్రభూ, ఈ భుజమే సగం మందు ఒలకబోసింది. గుంట నేను దాటాను, వెనకవాడికి చెప్పలేదు. చిత్తయ్య చెప్పాడు గనక లోయలో పడకుండా నేనిక్కడ నిలబడ్డాను. కడియం అతడిది."

రాజు మురిసిపోయాడు. ఆ కడియం చిత్తయ్యకు తొడిగి అతణ్ణి పెద్దబోయీని చేశాడు. తక్కిన ముగ్గురికీ అలాంటివే చేయించాడు. నోరు విప్పని పైడయ్యకు కూడా!

గవరయ్య కాలు నయమయ్యాక వైద్యుణ్ణి కొండెక్కించారు. ముందు దుర్గన్నే. "రాయి, చూసుకో! పుల్ల, చూసుకో! చీమలబారు, చూసుకో!" అని దారంతా ఒకటే అరుపు. "నాయనా, చీమలు కూడానా? నన్ను కాస్త కునుకు తీయనీ," అని వైద్యుడు మొత్తుకున్నా వింటేగా!

నీతి: బలమున్నవాడు తన బరువు మోస్తాడు; తాను దాటిన గుంట వెనకవాడికి చెప్పేవాడు అందరినీ గమ్యం చేరుస్తాడు.